మందు బంతుల మాస్టారు

మాస్టారు పోయారన్న సంగతి నాకు ఒంగోలు బస్టాండులో తెలిసింది. మా ఊరి పాలకేంద్రంలో పనిచేసే ఒకావిడ ఎదురుపడి, "మీ డ్రిల్లు మాస్టారు పోయారంట గదమ్మా. మొన్న శుక్రవారం. జొరమొచ్చిన రెండో రోజుకే అంట" అని ఒక్క గుక్కలో చెప్పి, తన బస్సు కదులుతుంటే పరుగెత్తుకెళ్ళి ఎక్కేసింది. నేను అలాగే నిలబడి ఆవిడ పరుగు చూస్తున్నాను. మడమలు ముందు ఆనుతున్నాయి. చేతులు పొట్టకి అడ్డంగా ఊగుతున్నాయి. నడుం దగ్గర మనిషి రెండు ముక్కలుగా వెళ్తోంది. ఇదంతా గమనించాక అప్పుడొచ్చింది ఏడుపు. ఆ చూపు నాది కాదు, ఆయనది.

మాస్టారు మనుషుల ముఖాలు గుర్తుపెట్టుకునేవారు కాదు, నడకలు గుర్తుపెట్టుకునేవారు. చిలకలూరిపేట మెయిన్ రోడ్డు మీద లారీల, మోటారు సైకిళ్ళ మధ్య నుంచి ఎవరైనా "నమస్కారం మాస్టారూ" అంటే, నాలుగడుగులు వేసేదాకా కిందికే చూసి, ఆ తర్వాత "ఆఁ, సుబ్బారావా!" అనేవారు. ఒకసారి బ్యాంకు గుమాస్తాని ఆపి, "ఎడమ చెప్పు బయటివైపు అరిగిందండీ. నడుం నొప్పేమైనా ఉందా?" అని అడిగారు. ఆయన బిత్తరపోయి, ఉందన్నాడు. హెడ్మాస్టరు గారి గదిలోకి వెళ్ళినా నమస్కారం కంటే ముందు "మోకాలు ఎలా ఉందండీ?" అనేవారు. ఆయనకి అదే కుశలప్రశ్న.

బక్కమనిషి. తెల్ల కాన్వాసు బూట్లకి పొద్దున్నే సుద్దముక్క రుద్దుకుని వచ్చేవారు. పదింటికల్లా పేట నల్లమట్టి వాటిని తన రంగులోకి తెచ్చుకునేది. మెడలో విజిల్ వేలాడేది కానీ ఊదగా నేను చూడలేదు. చప్పట్లు కొట్టేవారు. "విజిల్ పోలీసోళ్ళదమ్మా. చప్పట్లైతే పిలిచినట్టూ ఉంటుంది, మెచ్చుకున్నట్టూ ఉంటుంది" అనేవారు. లెక్కేమో ఎప్పుడూ వెనక్కి. పది, తొమ్మిది, ఎనిమిది... అలా ఎందుకని అడిగితే, "పైకి లెక్కపెడితే ఎంత చేశామో తెలుస్తుంది. కిందికి లెక్కపెడితే ఎంత మిగిలిందో తెలుస్తుంది. అలిసినోడికి కావలసింది అదేగా" అన్నారు.

వాళ్ళది తాతల నాటి నుంచి దూదేకే కుటుంబం. తండ్రి భుజాన పెద్ద విల్లు వేసుకుని ఊరూరా తిరుగుతూ, ఇళ్ళ ముందే దూది ఏకి పరుపులు కుట్టిచ్చేవాడట. మాస్టారు చదువుకుని హైస్కూల్లో డ్రిల్లు మాస్టారయ్యారు కానీ దబ్బనం మాత్రం వదల్లేదు. ఆ దబ్బనంతోనే బంతులు కుట్టేవారు. కుట్లు ఊడిన పాత ఫుట్‌బాళ్ళ తోలు తెచ్చి, లోపల గోనెగుడ్డ అస్తరు వేసి, మధ్యలో ఇసుక మూట పెట్టి, దాని చుట్టూ పత్తి గింజలు, జిన్నింగు మిల్లులో నేలమీద మిగిలే దూది తుక్కు కూరి, మైనం పట్టించిన దారంతో బిగించి కుట్టేవారు. పూర్తయ్యాక మిరపకాయల కొట్టుకి తీసుకెళ్ళి కాటా మీద పెట్టేవారు. రెండు కిలోలది, మూడు కిలోలది, నాలుగు కిలోలది. తూకం సరిపోతే బంతి మీద సున్నంతో అంకె వేసేవారు. సరిపోకపోతే అక్కడే కొట్టు అరుగు మీద కూర్చుని కుట్టు విప్పి, గుప్పెడు గింజలు తీసో పెట్టో మళ్ళీ కుట్టేవారు.

వాటిని మెడిసిన్ బాల్స్ అంటారని ఆయన చెబితే, మేము మందు బంతులన్నాం. మా వైపు మందంటే పత్తికి కొట్టేది. ఆ తొంభైల చివరి ఏళ్ళలో ఆ మాట వింటేనే ఆడవాళ్ళు ఉలిక్కిపడేవారు. పురుగుని చంపలేని మందు మనుషుల్ని చంపుతున్న రోజులవి. మా అమ్మ భయపడి, "మందు బంతేందే? అది ముట్టుకున్న చేత్తో అన్నం తినబాక" అంది. మాస్టారికీ ఆ పేరు నచ్చేది కాదు. "పేరు పెట్టినోడు మన పొలాలు చూసి ఉండడు" అనేవారు. అయినా పేరు నిలిచిపోయింది.

నేను పేటకి నాలుగు మైళ్ళ దూరంలోని పల్లె నుంచి వచ్చేదాన్ని. వంద మీటర్లు, రెండొందల మీటర్లు పరిగెత్తేదాన్ని. పదో తరగతికి వచ్చిన ఏడు మా పత్తి చేను పచ్చపురుగు పాలైంది. ఒక సాయంత్రం మా నాన్న ముఖం పక్కకి తిప్పుకుని, "టెన్త్ అయినాక చదివించే ఓపిక నాకు లేదే పద్మా" అన్నాడు. ఒక్క దారి ఉంది. గుంటూరులో జరిగే ఎంపిక పోటీల్లో మొదటి మూడు స్థానాల్లో ఏదో ఒకటి వస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటిస్తారు. తిండి, బట్ట, ఇంటర్ చదువు అన్నీ వాళ్ళవే. "అది కొట్టుకొస్తే చదువుకో" అన్నాడు నాన్న. పోటీలకి ఇంకా పది వారాలుంది.

ఆ వారంలోనే నా కాలు పట్టేసింది. గ్రౌండులో చివరి ముప్ఫై మీటర్లు పరిగెత్తుతుంటే కుడి తొడ వెనకాల ఎవరో తాడు పట్టి గుంజినట్టయింది. కుంటుకుంటూ ఆగాను. ఏమీ కాలేదని చెబుదామనుకునేలోపే మాస్టారు నా దగ్గర ఉన్నారు. "నడువు" అన్నారు. నాలుగడుగులు వేశాను. "చాలు. కూర్చో" అన్నారు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. నాకన్నా ఆయనే ఎక్కువ భయపడ్డారెందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆ మధ్యాహ్నమే వాళ్ళింటికి తీసుకెళ్ళారు. ఆయన భార్యని మేమంతా అమ్మగారనేవాళ్ళం. నన్ను లోపల చాప మీద బోర్లా పడుకోబెట్టి, అమ్మగారు తొడ వెనక వేళ్ళతో నొక్కుతుంటే, మాస్టారు గుమ్మం బయట వీధికేసి తిరిగి స్టూలు మీద కూర్చుని అక్కణ్ణుంచే అడుగుతున్నారు.

"గుంటలాగా ఏమైనా తగులుతోందా?"

"లేదు. గట్టిగా ఉంది, పట్టేసిన మెడలాగా."

"మోకాలి దగ్గర నొప్పా, పైనా?"

"పైన. నొక్కితే పిల్ల అరుస్తోంది."

"అరవనీ. రంగేమైనా మారిందా?"

"మారలేదు. ఇంతకీ మీరెందుకు అట్లా వణికిపోతున్నారు? తెగలేదు, బెణికింది, అంతే" అన్నారు అమ్మగారు, ఈసారి కాస్త విసుగ్గా.

బయట స్టూలు కిర్రుమంది. తర్వాత, "ఆరు వారాలు పరుగు లేదమ్మా" అన్నారు మాస్టారు. నేను చాప మీదే ఏడ్చేశాను. "పరుగు లేదన్నాను గానీ పని లేదన్నానా? రేపు పొద్దున బంతుల దగ్గరికి రా."

మర్నాటి నుంచి నా పరుగంతా బంతులతోనే. మొదటి పది రోజులూ నేలమీద కూర్చుని మాత్రమే. ఇద్దరం అమ్మాయిలం వీపుకి వీపు ఆనించి కూర్చుని, రెండు కిలోల బంతిని పక్కనుంచి ఒకరికొకరం అందించుకోవడం, ఇటు పది, అటు పది. వెల్లకిలా పడుకుని, పైనుంచి వదిలిన బంతిని రొమ్ము మీద చేతులతో అందుకుని మళ్ళీ పైకి తోయడం. బంతిని తల వెనక్కి తీసుకెళ్ళి లేచి కూర్చుంటూనే ముందుకి విసరడం. ఆ తర్వాత మోకాళ్ళ మీద నిలబడి. మూడో వారం నుంచి లేచి నిలబడి. వరసగా ఎనిమిది రకాలు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య గ్రౌండు అడ్డంగా నడిచి రావాలి. మూడు చుట్లు పూర్తయ్యేసరికి ఒక్క మీటరు కూడా పరిగెత్తకుండానే వగర్చేదాన్ని.

కష్టపెడితే మంచిదనుకుని నేను నాలుగు కిలోల బంతి తీసుకుంటే లాక్కునేవారు. "బరువు మొయ్యటానికైతే మిరపబస్తా ఉందిగా, ఇదెందుకు? బంతి చేతిలోంచి ఎగరాలి. నెమ్మదిగా విసిరితే అది మూట, వేగంగా విసిరితేనే బంతి." ఎదురుగా సున్నంతో ఒక గీత గీసేవారు. బంతి ఆ గీత దాటుతున్నంతవరకే పని. దాటకపోతే, లెక్కలో ఇంకా ఆరు మిగిలి ఉన్నా సరే, చప్పట్లు కొట్టి ఆపేసేవారు. "అలిసినాక చేసేది ఒళ్ళు గుర్తుపెట్టుకోదు. గుర్తుపెట్టుకున్నా తప్పుగా గుర్తుపెట్టుకుంటుంది" అనేవారు.

నాలుగో వారంలో మా నాన్న గ్రౌండుకి వచ్చాడు. సైకిల్ స్టాండు కూడా వెయ్యలేదు, గోడకి ఆనించేసి ఎండలో నేరుగా నడుచుకుంటూ వచ్చాడు.

"ఏంది మాస్టారూ ఇది? పరిగెత్తాల్సిన పిల్ల చేత బంతులాడిస్తన్నారంట?"

"రండి, కూర్చోండి."

"కూర్చోటానికి రాలేదండీ. ఇంకా ఆరు వారాలే ఉంది. అవతలి బళ్ళో పిల్లలు పొద్దున్నా సాయంత్రం పరిగెడతన్నారు. దీన్నేమో కూర్చోబెట్టారు. సీటు రాకపోతే దాని బతుకేం గాను?"

మాస్టారు కోపం తెచ్చుకోలేదు. నాన్న పాదాలకేసి చూస్తున్నారు. "మీరు మందు కొట్టే పంపు ఎన్నేళ్ళ నుంచి మోస్తున్నారు?" అని అడిగారు.

"పదేళ్ళ పైనే. ఎందుకు?"

"అయితే బలమున్న మనిషే. ఇది కాస్త విసరండి. గీతకి వీపు పెట్టి నిలబడి, బంతి కాళ్ళ మధ్యకి దించి, తల మీదుగా వెనక్కి."

నాన్న ఒకసారి నా వైపు, ఒకసారి ఆయన వైపు చూసి, పంచె ఎగ్గట్టుకుని బంతి అందుకున్నాడు. బలమంతా పెట్టి విసిరాడు. బంతి ఆకాశంలోకి లేచి, ఆయన మడమల వెనకే దబ్బున పడింది. నాన్న తూలి నిలదొక్కుకున్నాడు. మాస్టారు బంతి తెచ్చి నా చేతికిచ్చారు. నేను గొంతుక్కూర్చున్నట్టు వంగి, మడమలు నేలని తన్నుతూ లేచి వదిలాను. గీత దాటి ఇంకో రెండు బారల అవతల పడింది.

"మీరు చేతులతో విసిరారు. మీ అమ్మాయి మడమలతో విసిరింది" అన్నారు మాస్టారు. "పరుగూ ఇంతేనండీ. నేలని తన్నిన బలం తొడల్లోంచి నడుంలోకి, నడుంలోంచి భుజాల్లోకి పోవాలి. మధ్యలో నడుం మెత్తగా ఉంటే ఆ బలమంతా అక్కడే కారిపోతుంది. మొన్న ఆ భారమంతా తొడ మీద పడబట్టే అది పట్టేసింది. ఇప్పుడు నేను కడుతున్నది ఆ నడుమే."

నాన్న పంచె మళ్ళీ బిగించుకున్నాడు. "ఇంకోసారి ఇటియ్యండి" అన్నాడు. ఆ సాయంత్రం నాలుగుసార్లు విసిరాడు. నాలుగోసారి గీతకి జానెడు దూరంలో పడింది. ఇంటికి వెళ్తూ సైకిలు మీద, "అది కనిపించినంత తేలిక కాదే" అన్నాడు. ఆ మాటతో మా ఇంట్లో ఆ గొడవ ముగిసింది.

నాకు మాత్రం ఓపిక లేకపోయింది. ఐదో వారంలో ఒక ఆదివారం పొద్దున కాలవ కట్ట మీద ఎవరూ లేరని చూసి పరిగెత్తాను. యాభై అడుగులు వేశానో లేదో తొడ మళ్ళీ చిన్నగా గుంజింది. ఆగిపోయాను. సోమవారం గ్రౌండులోకి మామూలుగా నడుచుకుంటూ వచ్చాను. మామూలుగా నడిచానని నేననుకున్నాను. మాస్టారు బంతి కుడుతున్నవారు దబ్బనం ఆపి, "నిన్న ఎక్కడ పరిగెత్తావు?" అన్నారు.

తిడతారనుకున్నాను. తిట్టలేదు. నాలుగు కిలోల బంతి మీద కూర్చుని చెప్పారు.

"నీకన్నా మూడేళ్ళ ముందు కోటి అని ఒకడుండేవాడు. నీకన్నా వేగం. కుడిపాదం కాస్త బయటికి తిప్పి వేసేవాడు, అయినా వేగమే. పోటీలకి వారం ముందు వాడికీ ఇట్లాగే పట్టేసింది. నేను స్ప్రే కొట్టి, గుడ్డ బిగించి కట్టి, ఒక్క రేసే కదరా, పరిగెత్తెయ్ అన్నాను. అరవై మీటర్ల దగ్గర పడిపోయాడు. గుడ్డ చించినట్టు చప్పుడైంది. నాకు ఇవతలికి వినపడింది." ఆయన చేతిలోని దారం వేలికి చుట్టుకుంటున్నారు, విప్పుతున్నారు. "తర్వాత వాడు బడికి రాలేదు. రెండుసార్లు వాళ్ళ ఊరెళ్ళాను. ఇంటికి తాళం. ఎటో వలస పోయారన్నారు. వాడిప్పుడు ఎట్లా నడుస్తున్నాడో నాకు తెలియదమ్మా. ఊళ్ళో అందరి నడకా తెలుసు. వాడిది తెలియదు."

దారం విప్పేసి దబ్బనం మళ్ళీ అందుకుంటూ, "ఈ బంతులు కుట్టడం ఆ తర్వాతే మొదలుపెట్టాను" అన్నారు.

ఆ తర్వాత నేను దొంగతనంగా పరిగెత్తలేదు. ఏడో వారంలో గడ్డి మీద మెల్లగా పరిగెత్తనిచ్చారు. ఎనిమిదిలో సగం వేగం. తొమ్మిదిలో ముప్ఫై మీటర్లు పూర్తిగా, రోజుకి నాలుగుసార్లే. బంతులు మాత్రం ఆపలేదు, తగ్గించారంతే. తొడ ఏమీ అనలేదు. ఏమీ అనట్లేదన్నదే నాకు రోజూ భయంగా ఉండేది.

గుంటూరు పోటీల రోజు పొద్దున హీట్స్ గట్టెక్కాయి. మధ్యాహ్నం ఫైనల్. ఐదో లైను. వరస చివర్లో పొన్నూరు వైపు నుంచి వచ్చిన పొడవాటి అమ్మాయి. తుపాకీ పేలింది. అరవై మీటర్ల వరకూ నాకు తొడ ఒక్కటే తెలుసు, ఇంకే ఆలోచనా లేదు. అరవై దాటింది. డెబ్బై దాటింది. అప్పుడు, అప్పుడే, పరుగు మీదకి మనసు పోయింది. ముందు ఇద్దరున్నారు. పక్కన ఒకమ్మాయి నాతో సమానంగా వస్తోంది. చివర్లో రొమ్ము ముందుకి వంచి గీత మీద పడ్డాను.

ఎన్నో స్థానమో తెలియదు. వెనక్కి తిరిగేసరికి మాస్టారు పరుగెత్తుకొస్తున్నారు. ఆయన పరుగెత్తగా అదే చూడడం. కాన్వాసు బూటు ఒకటి ఊడిపోయినా ఆగలేదు.

"కాలు?" అన్నారు.

"బాగుంది మాస్టారూ."

"నడువు."

నడిచాను. పది అడుగులు అటు, పది అడుగులు ఇటు. ఆయన కింద కూలబడిపోయారు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్నారు, నవ్వుతూనే భుజంతో కళ్ళు తుడుచుకుంటున్నారు. స్థానం సంగతి అడగనే లేదు. అది మైకులో చెప్పాల్సి వచ్చింది. మూడో స్థానం, మా ఇంటి పేరు సగం తప్పుగా చదివారు. నాన్న గట్టుమీద నిలబడి తువ్వాలు ఊపుతున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న అమ్మతో చెప్పాడు: "అది పరిగెడతన్నంతసేపూ ఆ మనిషి చూడలేదే. గోడకేసి తిరిగి నిలబడ్డాడు. పక్కనోణ్ణి అడగతన్నాడు, 'పడిందా? పడిందా?' అని."

హాస్టలు, డిగ్రీ, వ్యాయామ విద్య కోర్సు, తర్వాత ఒంగోలు దగ్గర ఒక హైస్కూల్లో ఉద్యోగం. నా పరుగు రాష్ట్రం దాటలేదు. కానీ నా జీతం నేను తెచ్చుకున్నాను. మాస్టారు ఈలోపు రిటైరయ్యారు. బడి వదిలినా గ్రౌండు వదల్లేదని వినేదాన్ని. ఉత్తరం రాస్తే జవాబులో సగం మా బడి పిల్లల కాళ్ళ గురించిన ప్రశ్నలే ఉండేవి. ఎవరికి పిక్క పట్టేసింది, ఎవరి మడమ వాచింది, ఎన్నాళ్ళు ఆపాను.

రెండువేల ఐదో ఆరో అనుకుంటాను, వేసవి మొదట్లో నేను జోనల్ పోటీల మీటింగుకి గుంటూరు వెళ్ళాను. మాస్టారు నన్ను చూడడానికి అక్కడికొచ్చారు. మా బడికి బంతులు లేవని చెబితే, "గోనె సంచులు తీసుకుందాం పద, నేను కుట్టి పంపుతా" అని మిర్చి యార్డుకి తీసుకెళ్ళారు. సీజను మంచి ఊపు మీదుంది. గేటు దాటగానే ఇద్దరికీ తుమ్ములు. ఎటు చూసినా ఎర్రగా బస్తాల గుట్టలు. వాటినక్కడ టిక్కీలంటారు. హమాలీలు వాటిని వీపున వేసుకుని, ముఖం కనపడకుండా ముందుకి వంగి, వాలుగా వేసిన చెక్క మీదుగా లారీల్లోకి ఎక్కిస్తున్నారు.

మాస్టారు నడుస్తున్నవారు నడుస్తున్నట్టే ఆగిపోయారు. నేను రెండడుగులు ముందుకెళ్ళి వెనక్కి చూశాను. ఆయన ఒక లారీ చెక్క కేసి చూస్తున్నారు. ఒక మనిషి బస్తాతో పైకెక్కి, లోపల దించి, కిందికొచ్చి, ఇంకో బస్తా ఎత్తించుకుని మళ్ళీ ఎక్కాడు. బస్తా కింద రెండు కాళ్ళు తప్ప మనిషి కనిపించడం లేదు. కుడిపాదం కాస్త బయటికి తిరిగి పడుతోంది.

"కోటీ!" అన్నారు మాస్టారు. యార్డు గోలలో అతనికి వినపడలేదు. మళ్ళీ పిలిచారు. "ఒరే కోటీ!"

ఆ మనిషి లారీలో బస్తా దించి, చెక్క మీద నిలబడి, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుని చూశాడు. ముప్ఫై ఏళ్ళు ఉండవు. దుక్కలాంటి మనిషి.

"మాస్టారూ! మీరా?"

రెండంగల్లో దిగొచ్చి కాళ్ళకి వంగబోయాడు. మాస్టారు వాడి భుజాలు పట్టుకుని ఆపేశారు.

"కాలు ఎట్లా ఉందిరా?"

"ఏ కాలండీ?"

మాస్టారు తన కుడి తొడ మీద చెయ్యి వేసి చూపించారు. కోటి అయోమయంగా నా వైపు చూశాడు. "తొడ పట్టేసి పడిపోయారంట గదా, పోటీల్లో" అన్నాను నేను.

"ఓ, అదా!" కోటి నవ్వాడు. "అదెప్పుడో పోయిందండీ. మూణ్ణెల్లు కుంటుకుంటూ తిరిగాను. మా నాయనమ్మ ఆముదం కాచి రాసేది. తర్వాత మా నాన్నకి ఇక్కడ పని దొరికితే అందరం గుంటూరొచ్చేశాం. చలికాలంలో ఎప్పుడన్నా పొద్దున్నే కాస్త గుంజుద్ది. రెండు బస్తాలు మోస్తే అదే సర్దుకుంటది."

"నిజం చెప్పరా."

"నిజమే మాస్టారూ. పొద్దుగూకులూ ఇదే పనిగా. నొప్పుంటే మొయ్యగలనా?"

మాస్టారు అతన్ని నడవమన్నారు. యార్డు మధ్యలో, ఆ తుమ్ముల మధ్యలో, తోటి హమాలీలు చూస్తూ నవ్వుతుంటే, కోటి బుద్ధిగా అటు పదడుగులు ఇటు పదడుగులు నడిచి చూపించాడు. తర్వాత తల గోక్కుంటూ, "అసలు ఆ రోజు తప్పు నాదేనండీ. నొప్పుందా అని మీరడిగారు. ఉంది. లేదని చెప్పాను" అన్నాడు.

"నువ్వు లేదంటే నాకు తెలియదట్రా? నీ నడక చూశాను. నొప్పి ఉందని తెలుసు. తెలిసే పరిగెత్తించాను" అన్నారు మాస్టారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఎన్నడూ లేనిది వాడి ముఖంలోకే చూస్తున్నారు.

కోటి తలగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "పోనీయండి మాస్టారూ. నాకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఒకటే పరుగు, ఇంట్లో నిలవదు. రండి, టీ తాగుదురు" అన్నాడు.

టీ బండి దగ్గర ముగ్గురం నిలబడి తాగాం. మాస్టారు రెండు గ్లాసులు తాగారు. కోటి కూతుర్ని ఆరేళ్ళకే పరుగుల్లో పెట్టకూడదని, ముందు బంతితో ఆడించాలని పావుగంట చెప్పారు. చిన్న బంతి కుట్టి పంపుతానన్నారు. కోటి ఇంటి చిరునామా నా డైరీలో రాయించుకుని, సరిగ్గా రాశానో లేదో చూడ్డానికి రెండుసార్లు చదివించారు. గోనె సంచులు కోటే ఏరి, మడత పెట్టి, మోసుకొచ్చి మా బస్సులో పెట్టాడు.

ఒంగోలు బస్సది. ఆయన పేటలో దిగాలి, నేను చివరిదాకా. కిటికీ పక్కన కూర్చున్నారు. గుంటూరు దాటుతుండగానే తల కిటికీ చువ్వకి ఆనించి నిద్రపోయారు. నోరు కొద్దిగా తెరుచుకుంది. చేతులు ఒళ్ళో గోనె సంచుల మీద వదిలేసి ఉన్నాయి. రోడ్డు గుంతల్లో బస్సు ఎత్తేస్తున్నా కదల్లేదు. అంత గాఢంగా నిద్రపోయే మనిషిని నేను అరుదుగా చూశాను.

పేట వచ్చింది. సగం బస్సు దిగింది. కండక్టరు మా సీటు దగ్గరికొచ్చి, "పెద్దాయన ఇక్కడేగా?" అన్నాడు. నేను ఆయన వైపు చూసి, పర్సు తీసి, "నిద్రపోనీయండి. ఈయనకి తర్వాతి ఊరు మార్టూరుకి ఒకటివ్వండి" అన్నాను.

మార్టూరులో బస్సు ఆగిన కుదుపుకి ఆయనే లేచారు. కళ్ళు నులుముకుని బయటికి చూసి, "పేట వచ్చిందా?" అన్నారు.

"వెళ్ళిపోయింది మాస్టారూ. అరగంటైంది."

"లేపలేదేం?"

"లేపబుద్ధి కాలేదు."

ఆయన కాసేపు నన్నూ, బయట బస్టాండునూ మార్చి మార్చి చూశారు. తర్వాత గోనె సంచులు చంకలో పెట్టుకుని, హాయిగా ఒళ్ళు విరుచుకుని, నవ్వుకుంటూ దిగారు. అవతల పేట వైపు వెళ్ళే బస్సు సిద్ధంగా ఉంది. ఆయన దాని కేసి చూడనైనా చూడకుండా, జామకాయలమ్మే బండి దగ్గరికి నింపాదిగా నడుచుకుంటూ వెళ్ళారు.